నటనా? నిరసనా?
హిస్టీరియా కథనాలపై ఒక పరిశీలన

ఒక రచన ఎవరి పక్షాన నిలబడింది అన్న ప్రశ్నతో అభ్యుదయ విమర్శ మొదలయింది. దానికి తోడు మరొక ప్రశ్న కూడా వేసుకోవలసిన అవసరం ఉంది. ఆ రచన ఎవరి మాటను నమ్మింది? కూలివాని ఆకలిని నమ్మడం మన సాహిత్యం నేర్చుకుంది. రైతు అప్పును, దళితుని అవమానాన్ని, గృహిణి అలసటను ఒకదాని తర్వాత ఒకటిగా, ఎంతో పెనుగులాట మీద, నమ్మడం నేర్చుకుంది. రోగి మాటను నమ్మడం మాత్రం ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. అందులోనూ ఎక్స్‌రేలో కనిపించని, రక్తపరీక్షకు దొరకని జబ్బుతో బాధపడే మనిషి మాట వచ్చేసరికి, ఆస్పత్రి ఎంత అనుమానిస్తుందో సాహిత్యమూ అంతే అనుమానించింది.

అటువంటి జబ్బుల్లో ముఖ్యమైనదాన్ని ఈనాడు వైద్యులు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటున్నారు. కాలు పడిపోతుంది, చేయి వణుకుతుంది, గొంతు పోతుంది, చూపు పోతుంది, మూర్ఛ వచ్చినట్టు మనిషి పడి కొట్టుకుంటుంది. మెదడును ఫోటో తీస్తే ఈ లక్షణాలకు కారణమనదగిన గాయం కనిపించదు. వీణ తీగలు తెగలేదు, మెట్లు ఊడలేదు, కాని శ్రుతి తప్పింది. తీగ తెగలేదు కాబట్టి అపశ్రుతి లేనే లేదని సంగీతం తెలిసినవాడెవడూ అనడు. ఈ జబ్బు విషయంలో మాత్రం నూరేళ్లకు పైగా జరిగిన వాదం సరిగ్గా అదే. దీని పాత పేరు హిస్టీరియా. గర్భాశయానికి గ్రీకు భాషలో ఉన్న మాట నుంచి పుట్టిన పేరది. పేరులోనే నింద ఉంది.

ఈ నిందను మోసుకొచ్చింది వైద్యగ్రంథాలు మాత్రమే కాదు. చిత్రాలు, కథలు, నవలలు, నాటకాలు కూడా మోసుకొచ్చాయి. వాటిని పరిశీలిస్తే రెండు ధోరణులు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది, ఇదంతా నటన అనేది. రెండవది, ఇది నిరసన అనేది. మొదటిది అధికారం మాట, రెండవది అధికారాన్ని ఎదిరించేవారి మాట. మొదటిదాన్ని ఖండించడం మనకు సులభం. రెండవది మన మాటే కనుక దాన్ని పరీక్షించడం కష్టం. ఆ కష్టమైన పని చెయ్యడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మలోని మనిషి

1887లో పారిస్ చిత్రప్రదర్శనలో ఆంద్రే బ్రూయే గీసిన ఒక పెద్ద వర్ణచిత్రం పెట్టారు. సాల్పెత్రియేర్ ఆస్పత్రిలో ప్రొఫెసర్ షార్కో పాఠం చెబుతున్న దృశ్యం అది. కోట్లు తొడుక్కున్న డాక్టర్లు, రచయితలు, పెద్దమనుషులు వరసలు తీరి కూర్చుని చూస్తున్నారు. కుడివైపు, రవిక జారిన స్థితిలో, స్పృహ తప్పి, షార్కో శిష్యుడు బబిన్‌స్కీ చేతుల మీద వెనక్కి వాలిపోతున్న స్త్రీ బ్లాంష్ విట్‌మన్. ఆ గదిలో ఎదురుగోడ మీద ఒక బొమ్మ తగిలించి ఉంది. విల్లులా వంగిన హిస్టీరియా రోగి బొమ్మ. ఆమె శరీరం ఏ రూపం ధరించాలని ఆ సభ ఎదురుచూస్తున్నదో ఆ రూపం ముందే గోడకెక్కి ఉంది. చిత్రకారుడు తెలిసి చేశాడో తెలియక చేశాడో గాని, నేర్పిన భంగిమకు, వచ్చిన జబ్బుకు మధ్యనున్న చిక్కుముడినంతా ఒకే గోడ మీద చూపించాడు.

షార్కోకు న్యాయం చెయ్యాలంటే ఒక సంగతి చెప్పుకోవాలి. హిస్టీరియా ఆడవాళ్ల జబ్బు మాత్రమే కాదని, కండలు తిరిగిన పనివాళ్లకూ వస్తుందని ఆయన పట్టుబట్టాడు. పనిలో దెబ్బ తగిలిన తర్వాత చేయి పడిపోయిన కార్మికులను విద్యార్థుల ముందు కూర్చోబెట్టి, ఇది అబద్ధం కాదని చెప్పాడు. మెదడులో కంటికి కనిపించని, పనితీరుకు సంబంధించిన దోషం ఏదో ఉండాలని ఊహించాడు. ఈనాటి శాస్త్రం దాదాపు అక్కడికే తిరిగి వచ్చింది. కాని 1893లో ఆయన చనిపోయాక శిష్యులు దారి మార్చారు. హిస్టీరియా అంటే సూచనతో పుట్టి, నచ్చజెప్పడంతో పోయేదని బబిన్‌స్కీ నిర్వచించాడు. నచ్చజెప్తే పోవలసినది పోలేదంటే తప్పెవరిది? రోగిదే. ఆ నిర్వచనానికీ దొంగజబ్బు అన్న మాటకూ మధ్య గోడ చాలా పలచన.

బ్లాంష్ విట్‌మన్ తర్వాతి కాలంలో ఆ ఆస్పత్రిలోనే ఉద్యోగంలో చేరింది. ఎక్స్ కిరణాల విభాగంలో పనిచేసి, వాటి ధాటికి అవయవాలు పోగొట్టుకుంది. అప్పట్లో మీరంతా నటించేవారట కదా అని ఒక యువ వైద్యుడు అడిగితే, అది అబద్ధమని ఆమె గట్టిగా చెప్పింది. ఆ చిత్రాన్ని చూసినవారు లక్షలమంది. ఈ జవాబు విన్నవారు బహుకొద్దిమంది. సాహిత్య విమర్శకుడు పట్టించుకోవలసిన నిష్పత్తి ఇది.

పదకొండు వారాల కథ

1900లో వియన్నాలో పద్దెనిమిదేళ్ల అమ్మాయిని తండ్రి ఫ్రాయిడ్ దగ్గరకు తీసుకువచ్చాడు. దగ్గు, గొంతు పోవడం, కాలు ఈడ్చడం ఆమె బాధలు. 1905లో ఫ్రాయిడ్ ఆమెకు డోరా అని పేరుపెట్టి ఆ చరిత్రను ప్రచురించాడు. తండ్రికి స్నేహితుని భార్యతో సంబంధం ఉంది. ఆ స్నేహితుడు ఈ పిల్ల మీద చేయి వేశాడు. పిల్ల ఇంట్లో చెప్పింది. తండ్రి నమ్మలేదు. ఫ్రాయిడ్ జరిగిందని నమ్మాడు గాని, ఆమెకు కలిగిన రోతను నమ్మలేదు. లోపల కోరిక ఉండి పైకి రోత పడిందని తేల్చాడు. ఆ ఏడాది డిసెంబరు 31న ఆమె వైద్యం మానేసి వెళ్లిపోయింది. వెళ్లిపోవడాన్ని కూడా ఆయన జబ్బు లక్షణంగానే రాసుకున్నాడు.

శిల్పం దృష్టితో చూస్తే ఇది గొప్ప కథనం. కథకుడు తనకు అన్నీ తెలియవని ఒప్పుకుంటూనే, పాఠకుణ్ణి చేయి పట్టుకుని చీకటి గదుల్లోకి తీసుకుపోతాడు. పాత్ర కాదంటే అవునని అర్థం, అవునంటే అవుననే అర్థం. ఆమె ఏ మాట అన్నా గెలుపు కథకుడిదే. ఇది వైద్యం కన్నా ముందు ఒక కథనపద్ధతి. ఇరవయ్యో శతాబ్దపు మనస్తత్వ నవలకు, మన తెలుగు మనస్తత్వ నవలకు కూడా, ఈ పద్ధతి ప్రాణం పోసింది. పాత్ర చెప్పేదాని వెనక చెప్పనిదాన్ని వెతకడం రచయితకు గొప్ప ఆయుధమయింది. అదే ఆయుధం ఆస్పత్రి గదిలో రోగి మీద తిరిగినప్పుడు ఏం జరుగుతుందన్న ఆలోచన మాత్రం మనవాళ్లకు రాలేదు. గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. డోరా అసలు పేరు ఈడా బావర్. ఆమె అన్న ఓట్టో బావర్ ఆస్ట్రియా సోషల్ డెమోక్రాట్ల నాయకుడు, మార్క్సిస్టు సిద్ధాంతవేత్త. ఒకే ఇంట్లో అన్న మాట చరిత్రలోకి ఎక్కింది, చెల్లెలి మాట కేసు కాగితాల్లోకి ఎక్కింది.

సిపాయికి ఒక పేరు, దొరకు ఒక పేరు

నటన అన్న నింద స్త్రీల మీద మాత్రమే పడిందని అనుకుంటే సగం నిజమే చూసినట్టు. అది మాటకు విలువ లేని ప్రతివారి మీదా పడింది. 1914 నుంచి 1918 దాకా సాగిన మొదటి ప్రపంచయుద్ధం దీన్ని ఎవరూ కాదనలేని విధంగా రుజువు చేసింది.

కందకాల్లోంచి వేలాదిమంది సైనికులు గాయం లేకుండానే మూగవారై, కాళ్లు పడిపోయి, వణుకుతూ తిరిగి వచ్చారు. జబ్బు ఒకే కోవకు చెందినదైనా పేర్లు రెండు. ఆఫీసరుకు వస్తే నరాల నీరసం, సిపాయికి వస్తే హిస్టీరియా. ఆఫీసరుకు కొండగాలి, విశ్రాంతి, డాక్టరుతో సంభాషణ. సిపాయికి కరెంటు. లండన్‌లో లూయీ యెలాండ్ అనే వైద్యుడు తన విజయాలను 1918లో పుస్తకంగా వేసుకున్నాడు. అందులో ఇరవైనాలుగేళ్ల సిపాయి ఒకడు తొమ్మిది నెలలుగా మాట లేకుండా ఉన్నాడు. ఎన్నో యుద్ధరంగాలు చూసి వచ్చినవాడు. అంతకు ముందే అతని నాలుక మీద కాలుతున్న సిగరెట్టు పెట్టి చూశారు. యెలాండ్ గది తలుపు తాళం వేసి, మాట వచ్చేదాకా బయటికి పోనివ్వనని చెప్పి, గొంతుకు కరెంటు పెట్టాడు. కొన్ని గంటల తర్వాత మాట వచ్చింది. చివరకు సిపాయి కృతజ్ఞతలు చెప్పినట్టు కూడా ఆ పుస్తకం రాసుకుంది.

ఫ్రాన్సులోనూ ఇదే వైద్యం నడిచింది. 1916లో తూర్ పట్టణంలో బాప్తిస్త్ దెషాం అనే సైనికుడు కరెంటు వద్దని, బలవంతం చెయ్యబోయిన డాక్టర్ క్లోవిస్ వాఁసాఁను కొట్టాడు. సైనిక న్యాయస్థానంలో విచారణ జరిగింది. రోగికి తన శరీరం మీద హక్కు ఉందా లేదా అని దేశమంతా పత్రికల్లో చర్చించుకుంది. శిక్ష పేరుకు మాత్రమే వేశారు.

మన దేశపు సిపాయిల మీద పడిన అనుమానం మరో రకానిది. ఫ్రాన్సు వెళ్లిన భారతీయ సైనికులు చేతులకు తామే గాయాలు చేసుకుంటున్నారని అధికారులు శంకించారు. బ్రైటన్ ఆస్పత్రిలో కర్నల్ బ్రూస్ సీటన్ వెయ్యి గాయాలను లెక్కగట్టి చూసి, ఆ శంకకు ఆధారం లేదని తేల్చవలసి వచ్చింది. ఇది హిస్టీరియా కాదు గాని, అనుమానం ఎటు ప్రవహిస్తుందో చెప్పే ఉదాహరణ. పై నుంచి కిందికి ప్రవహిస్తుంది. కిందివాడి శరీరం ఎప్పుడూ సాక్షి బోనులో నిలబడే ఉంటుంది.

రిజెనరేషన్ గొప్పతనం, పరిమితి

ఈ చరిత్రను నవలగా మలిచిన రచయిత్రి పాట్ బార్కర్. కార్మిక కుటుంబం నుంచి వచ్చిన ఇంగ్లీషు రచయిత్రి. 1991లో వచ్చిన ఆమె నవల రిజెనరేషన్ వస్తువు, 1917లో ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనే ఆఫీసర్ల ఆస్పత్రి. యుద్ధాన్ని బహిరంగంగా ఖండించిన కవి ససూన్‌ను పిచ్చివాడని ముద్రవేసి అక్కడికి పంపుతారు. ఆయనను చూసే డాక్టర్ రివర్స్ సౌమ్యుడు, ఆలోచనాపరుడు. ఇద్దరూ చరిత్రలో ఉన్నవారే. బార్కర్ కల్పించిన పాత్ర బిల్లీ ప్రయర్. కార్మికుని కొడుకు, చదువుకుని ఆఫీసరయినవాడు. అతను మూగవాడై వస్తాడు. మూగతనం సిపాయిల లక్షణమని, ఆఫీసర్లకు నత్తి వస్తుందని రివర్స్ ప్రయర్‌కే వివరిస్తాడు. ప్రయర్‌కు ఒళ్లు మండుతుంది. జబ్బు లక్షణానికి కూడా వర్గం ఉందన్న సంగతిని రెండు పాత్రల సంభాషణలోకి తెచ్చి, ఉపన్యాసం లేకుండా చెప్పడం ఈ నవల సాధించిన విజయం.

నవల పరాకాష్ఠ యెలాండ్ గదిలో ఉంది. యెలాండ్ పుస్తకంలోని ఆ సిపాయి కథనే బార్కర్ తీసుకుని, రివర్స్‌ను ప్రేక్షకుడిగా కూర్చోబెట్టింది. ఆ రాత్రి రివర్స్‌కు పీడకల వస్తుంది. రోగి నోట్లోకి తానే ఇనుప కళ్లెం వంటిదాన్ని దూర్చుతున్నట్టు. మేల్కొన్నాక అతనికి తెలిసి వస్తుంది. యెలాండ్ కరెంటుతో చేసేది తాను మంచిమాటలతో చేస్తున్నాడు. ఇద్దరూ నోరు మూయించి యుద్ధానికి తిరిగి పంపేవారే. మంచి డాక్టరు కూడా రాజ్యానికి పనిముట్టు కాగలడన్న సత్యాన్ని ఇంతకన్నా బలంగా చెప్పిన నవలలు అరుదు.

అయితే ఇక్కడే ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. ఈ నవల తర్కం ప్రకారం మూగతనం ఒక సందేశం. నోరు విప్పి నిరసన తెలిపే హక్కు లేనివాడు మూగతనంతో నిరసిస్తున్నాడు. ససూన్ ప్రకటన రాశాడు, సిపాయి గొంతు పోగొట్టుకున్నాడు, రెండూ ఒకటే. ఇది అందమైన సమీకరణం. కాని ససూన్ తన ప్రకటనను తాను ఎంచుకున్నాడు. సిపాయి మూగతనాన్ని ఎంచుకోలేదు. అతను మాట్లాడాలని ప్రయత్నించాడు, మాట రాలేదు. అతని మూగతనాన్ని నిరసనగా చదివినప్పుడు మనం అతనికి గౌరవం ఇస్తున్నామనుకుంటాం. నిజానికి అతను అననిదాన్ని అతని చేత అనిపిస్తున్నాం. నాకు మాట రావడం లేదు అన్న ఒకే ఒక్క సంగతి అతను చెప్పాడు. యెలాండ్ దాన్ని నమ్మలేదు. ఉదారంగానే అయినా, నవల కూడా దాన్ని దాటిపోయింది.

ఇదే వివాదం ఫ్రాన్సులో స్త్రీవాదుల మధ్య అంతకు ముందే వచ్చింది. ఎలెన్ సిక్సూ డోరాను తిరుగుబాటు నాయికగా చూసింది. 1976లో ఆమె గురించి నాటకం ప్రదర్శింపజేసింది. ఆమెతో కలిసి పుస్తకం రాసిన కాథరీన్ క్లెమాఁ ఒప్పుకోలేదు. హిస్టీరియా రోగి చుట్టూ ఉన్న కుటుంబం ఏమీ మారదు, ఆమె బాధ ఆ ఇంట్లోనే ఇంకిపోతుంది అన్నది ఆమె వాదం. రెండేళ్ల తర్వాత, 1978లో, సూసన్ సాంటాగ్ జబ్బును రూపకంగా వాడుకోవద్దని క్షయ, కాన్సర్లను ఉదాహరణగా తీసుకుని హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఈ జబ్బుకు మరింత వర్తిస్తుంది. ఎందుకంటే క్షయను రూపకంగా వాడినా క్షయ అబద్ధమని ఎవరూ అనరు. ఈ జబ్బును రూపకంగా వాడితే అసలు జబ్బే మాయమవుతుంది.

కదలడం, కదపడం

ఇక్కడ మన భాష ఒక వెలుగు చూపిస్తుంది. తెలుగులో ‘కదలు’ వేరు, ‘కదుపు’ వేరు. కాలు కదలడం లేదు అనే మనిషితో, నువ్వే కదపడం లేదు అంటుంది ఆస్పత్రి. ఒక్క ప్రేరణ ప్రత్యయంతో రోగి నేరస్థుడవుతాడు. అలాగే నవ్వాను వేరు, నవ్వొచ్చింది వేరు. నాకు ఏడుపొచ్చింది అన్నవాణ్ణి ఎవరూ నటుడనరు. ఆ ఏడుపు అతనిలోనే పుట్టింది, కాని అతను చేసింది కాదు, అతనికి వచ్చింది. మన వ్యాకరణంలో ఈ చోటు ఎప్పటి నుంచో ఉంది. వైద్యశాస్త్రం అక్కడికి రావడానికి వందేళ్లకు పైగా పట్టింది.

1908లోనే అమెరికా వైద్యుడు హూవర్ ఒక సులభమైన పరీక్ష కనిపెట్టాడు. పడుకున్న రోగిని బలహీనమైన కాలి మడమతో మంచాన్ని నొక్కమంటే నొక్కలేదు. రెండవ కాలిని డాక్టరు చేతి ఒత్తిడికి ఎదురుగా పైకి లేపమంటే, ఆ ప్రయత్నంలో మొదటి కాలి మడమ దానంతట అదే మంచాన్ని బలంగా నొక్కుతుంది. అంటే కాలికి కదిలే శక్తి ఉంది. మనసుపెట్టి కదపబోయినప్పుడే దారి మూసుకుపోతున్నది. వణుకుకూ ఇటువంటి పరీక్షే ఉంది. రెండవ చేత్తో డాక్టరు చెప్పిన తాళం వెయ్యమంటే, వణికే చేయి ఆ తాళంలో పడిపోతుంది, లేదా వణుకు ఆగిపోతుంది.

ఈ పరీక్షను రెండు విధాలుగా వాడవచ్చు. పట్టుకున్నాను, దొంగా అనే విధం ఒకటి. చూడు, నీ కాలికి బలం ఉంది, దారి తప్పిన ఆజ్ఞను మళ్లీ దారిలో పెట్టుకోవచ్చు అని రోగికే చూపించే విధం ఇంకొకటి. పరీక్ష ఒకటే, దృక్పథం వేరు. ఈనాడు మంచి న్యూరాలజిస్టులు రెండవ విధాన్నే పాటిస్తున్నారు. తగిన వ్యాయామ చికిత్సతో, ఓపికగా ఇచ్చే వివరణతో, అవసరమైనవారికి మానసిక చికిత్సతో చాలామంది మెరుగుపడుతున్నారు. అందరూ కోలుకుంటారని మాత్రం చెప్పలేం. నడవలేక ఏళ్ల తరబడి మంచాన ఉన్నవారూ ఉన్నారు.

ఈ మార్పు తేలికగా రాలేదు. 1965లో లండన్‌లో ఎలియట్ స్లేటర్ హిస్టీరియా అని ముద్రపడిన 85 మంది గతిని పరిశీలించి, చాలామందిలో తర్వాత వేరే జబ్బులు బయటపడ్డాయనీ, ఆ నిర్ణయం వైద్యుని అజ్ఞానానికి ముసుగనీ తీవ్రంగా విమర్శించాడు. ఆ విమర్శ మంచే చేసింది, చెడూ చేసింది. తొందరపడి ముద్ర వెయ్యకూడదన్నది మంచి. అసలు ఈ జబ్బే లేదన్న భ్రమ వ్యాపించడం చెడు. 2005లో పాత పరిశీలనలన్నీ కలిపి చూస్తే, పొరపాటు నిర్ణయాలు 1950ల్లో 29 శాతం ఉండగా 1970ల నుంచి 4 శాతానికి తగ్గాయని తేలింది. ఇతర నరాల జబ్బుల్లో జరిగే పొరపాట్ల కన్నా ఇది ఎక్కువేమీ కాదు. స్కాట్లండ్‌లో నరాల వైద్యుల దగ్గరకు కొత్తగా వచ్చిన 3,781 మందిని పరిశీలించగా 16 శాతం ఇటువంటి సమస్యలవారే. తలనొప్పి తర్వాత స్థానం వీరిదే. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం అయిదవ కూర్పు, ఈ జబ్బు నిర్ణయించడానికి మనోవ్యథ ఏదైనా ఉండి తీరాలన్న నిబంధనను తీసివేసింది. హూవర్ పరీక్ష వంటి ప్రత్యక్ష లక్షణాలే ఆధారమని చెప్పింది.

ఈ చివరి సంగతి మన చర్చకు కీలకం. మనోవ్యథ, పేదరికం, హింస ఈ జబ్బుకు దోహదం చేస్తాయి. అందులో సందేహం లేదు. దెబ్బ తగిలిన తర్వాత, వేరే జబ్బు చేసిన తర్వాత, ఏ పెద్ద కష్టమూ లేకుండా కూడా ఇది మొదలు కావచ్చు. మూర్ఛరోగం ఉన్న మనిషికే దానికి తోడుగా ఇదీ ఉండవచ్చు. కాబట్టి కారణం వేరు, అర్థం వేరు. ఊపిరితిత్తుల్లో దూది పేరుకుపోవడానికి మిల్లు యజమాని లాభాపేక్ష కారణం. అంతమాత్రాన కార్మికుని దగ్గు లాభాపేక్ష మీద రాసిన వ్యాఖ్యానం కాదు. అది దగ్గు. దానికి వైద్యం కావాలి, మిల్లులో మార్పూ కావాలి. సమాజాన్ని కారణంగా చూపడం భౌతికవాదం. లక్షణాన్ని సంకేతంగా చదవడం భావవాదమే, అది ఎంత అభ్యుదయ వేషం వేసుకున్నా సరే.

మన ఇల్లు, మన బడి, మన ఆస్పత్రి

మన కథల్లోనూ సినిమాల్లోనూ పూనకం వచ్చే స్త్రీ చిరపరిచితురాలు. భూస్వామ్య సమాజం ఆమెను దయ్యం పట్టిన మనిషిగా చూసింది, వేపమండలతో కొట్టింది. దాన్ని ఎదిరించిన హేతువాదం చేసిన మేలు తక్కువది కాదు. భూతవైద్యుని దోపిడీని బట్టబయలు చేసింది. కాని దయ్యం లేదు కాబట్టి అంతా నటన అని కూడా తేల్చేసింది. అత్తను లొంగదీయడానికి కోడలు పూనకం తెచ్చుకోవడం మనకు నవ్వుకునే సన్నివేశం అయిపోయింది. కొందరు అభ్యుదయ రచయితలు ఇంకో మెట్టెక్కి, ఆ పూనకాన్ని స్త్రీ తిరుగుబాటుగా చిత్రించారు. దయ్యాన్ని వెళ్లగొట్టేటప్పుడు ఆ పిల్ల చెప్పే నిజాన్ని కూడా దానితో పాటు గుమ్మం బయటికి నెట్టామని మనం గుర్తించలేదు. నాకు తెలియకుండా వస్తోంది అని ఆమె చెబుతూనే ఉంది. భూతవైద్యుడు దయ్యం మాట విన్నాడు, హేతువాది తన మాటే విన్నాడు, రచయిత ప్రతీకను విన్నాడు.

బడిలో పనిచేసేవారికి ఇది పుస్తకంలో సంగతి కాదు. ప్రార్థన సమయంలో ఆడపిల్ల పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే, ఎవరో చేతిలో తాళాల గుత్తి పెడతారు. ఇంకెవరో పరీక్షలు దగ్గరపడ్డాయిగా అని నవ్వుతారు. హాస్టల్లో నలుగురు పిల్లలు వరసగా పడిపోతే పత్రికలు మాస్ హిస్టీరియా అని శీర్షిక పెట్టి మరునాటికి మరిచిపోతాయి. మగపిల్లవాడు పడిపోతే తిండి తినలేదేమో అంటారు. కాళ్లు పడిపోయిన కూలివాణ్ణి పట్నం తీసుకుపోతే, అప్పుచేసి స్కానింగు తీయించాక చెప్పే మాట ఒకటే. ఏమీ లేదు, అంతా నార్మల్. ఏమీ లేని మనిషి ఇంటికి వచ్చి పనికి పోకపోతే ఊరు ఏమంటుంది? కాజువాల్టీలో దొంగఫిట్సు అని సిబ్బంది గుసగుసలాడుకోవడానికి డాక్టర్ల భాషే దారి చూపింది. సూడో సీజర్స్ అన్న మాటలో సూడో అంటే దొంగ అనే కదా. అసలు మూర్ఛ అనుకుని ఏళ్ల తరబడి అక్కరలేని మాత్రలు మింగించడం ఈ నాణేనికి మరో ముఖం. జర్మనీలో జరిగిన పరిశీలనలో సరైన నిర్ణయానికి సగటున ఏడేళ్లకు పైగా పట్టింది. చట్టం చూసినా అదే స్థితి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కించింది. ఈ జబ్బు పేరు అందులో లేదు. నరాల డాక్టరు మనసు డాక్టరు దగ్గరకు పొమ్మంటాడు, మనసు డాక్టరు నరాల డాక్టరు దగ్గరకు పొమ్మంటాడు. మధ్యలో చార్జీలు పెట్టుకునేది రోగి.

వైద్యుల మీద నెపం వేసి చేతులు దులుపుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వరసలో వందమంది నిలబడి ఉండగా, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరికే ప్రభుత్వ ఆస్పత్రిలో ఏ డాక్టరు కూర్చుని హూవర్ పరీక్ష అర్థాన్ని వివరిస్తాడు? ఈ జబ్బుకు మొదటి మందు వివరణ. వివరణకు కావలసింది సమయం. పేదవారికి దొరకనిది అదే. అనుమానం చౌక, వివరణ ఖరీదు. అందుకే అనుమానం వాడుకలో ఉంది.

రచయితలు చెయ్యవలసింది ఏమిటి? ఈ రోగులను వీరులుగా చిత్రించమని అడగడం లేదు. ప్రతి వణుకులోనూ ఒక రహస్యాన్ని, ప్రతి మూర్ఛలోనూ ఒక తిరుగుబాటును వెతికే అలవాటు మానుకోవాలి. రోగి గతంలోకి తవ్వకముందు ఆమె ఈనాటి రోజును రాయాలి. మెట్లు ఎలా దిగింది, ఆటో ఎవరు ఎక్కించారు, జీతం ఎంత కోతపడింది, భర్త ఎన్నాళ్లు నమ్మాడు, ఏ మాటతో నమ్మడం మానేశాడు. ఆస్పత్రి కాగితం మీద ఏ పదం రాశారో, ఆ పదం ఇంట్లోకి వచ్చి ఎన్ని పనులు చేసిందో రాయాలి. కాలు కదలడం లేదు అని పాత్ర అన్నప్పుడు, ఆ వాక్యాన్ని కదపడం లేదు అని గాని, కదలనంటోంది అని గాని మార్చకుండా, ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టాలి. అంత చిన్న వాక్యాన్ని నమ్మగలిగిన సాహిత్యం ఇంకా పెద్ద వాక్యాలను కూడా నమ్మగలుగుతుంది.